కావలికి పెట్టె వచ్చిన రోజులు, 1989

నా దగ్గర ఒక పాటల పుస్తకాల కట్ట ఉంది. 1989లో కావలిలో నేను చూసిన కొత్త సినిమాలకు హాలు బయట కొన్న పాటల పుస్తకాలను, చూసిన వరుసలోనే ఒకదాని కింద ఒకటి పేర్చి, మా అమ్మ గోనెసంచులు కుట్టుకొనే దబ్బనంతో, పురికొసతో నేనే కుట్టిన కట్ట అది. పాటల పుస్తకం అంటే ఏమిటో ఈ తరం వారికి చెప్పవలసి ఉంటుంది. నాసిరకం కాగితాన్ని మడతలు పెట్టి, పై అట్ట మీద నాయికా నాయకుల బొమ్మను ఒకే రంగులో అచ్చు వేసి, లోపల నటీనటుల పేర్లు, ఆ తరువాత సగం దాకా చెప్పిన కథ, ఆ సగం దగ్గర 'మిగతా కథ వెండితెరపై చూడండి' అన్న మాట, ఆపైన పాటలు, ఇంతే దాని స్వరూపం. అర్ధరూపాయికో ముప్పావలాకో దొరికేది. పాటల్లో అచ్చుతప్పులు ఉండేవి, ఒక్కోసారి ఒక చరణమే ఎగిరిపోయేది, అయినా ఆ పుస్తకం చేతిలో లేకుండా ఇంటికి వస్తే సినిమా సగమే చూసినట్టు ఉండేది.

ఆ కట్టలోని వరుస సినిమాలు విడుదలైన వరుస కాదు, అవి మా ఊరికి చేరిన వరుస. ఇప్పుడు ఒక సినిమా ఒకే ఉదయం ఊరూరా మొదలవుతుంది. అప్పట్లో ప్రింట్లు, అంటే సినిమా నకళ్ళు, లెక్కపెట్టి తీసేవారు. పెద్ద హీరోల సినిమాలు కొన్ని నెల్లూరుతో పాటే మా ఊళ్ళోనూ పడేవి గాని, మిగిలినవి నెల్లూరులోనూ ఒంగోలులోనూ ఆడి, అక్కడ జనం పలచబడిన తరువాత కావలికి, కందుకూరుకు, అక్కడి నుంచి పల్లెల్లోని టూరింగు టాకీసులకు ప్రయాణం చేసేవి. ఆ ప్రయాణంలో ప్రింటు మీద గీతలు పడేవి, తెగిన చోటల్లా అతుకులు పడేవి, చివరి ఊరికి చేరేసరికి మొదటి ఊళ్ళో చూసిన సినిమా కంటె అది కొన్ని నిమిషాలు తక్కువగా కూడా ఉండేది. అందుచేత 'సితార', 'జ్యోతిచిత్ర' పత్రికల్లో ఫొటోలు చూసి, పాటలు కేసెట్టులో విని, కథ నెల్లూరు వెళ్ళి వచ్చినవారి నోట విని, ఇవన్నీ అయ్యాక ఎప్పటికో మేము సినిమా చూసేవాళ్ళం. ప్రింటు రీళ్ళు ఊరికి ఒక పెట్టెలో వచ్చేవి, అందుకే శుక్రవారం పొద్దున బస్టాండులో గాని రైలుస్టేషనులో గాని వినిపించే ప్రశ్న ఒకటే: "పెట్టె వచ్చిందంటనా?"

ఆ ప్రశ్నకు జవాబు మా ఇంట్లోనే దొరికేది. మా మేనమామ ట్రంకు రోడ్డుకు దగ్గరలో ఉన్న ఒక సినిమాహాల్లో ఆపరేటరు. ముందు నేల, దాని వెనుక బెంచీలు, ఆపైన కుర్చీలు, మేడ మీద బాల్కనీ, నెత్తిన రేకులు, బాల్కనీ వెనుక ఇరుకైన ఇనుప మెట్లు ఎక్కితే మామ ఉండే కేబిన్. అందులో రెండు ప్రొజెక్టర్లు పక్కపక్కన ఉండేవి. ఒక్కో రీలు వెయ్యి అడుగులు, సెకనుకు 24 బొమ్మల చొప్పున పదకొండు నిమిషాలు నడుస్తుంది. రెండేసి రీళ్ళను కలిపి చుట్టి ఒక యంత్రానికి ఎక్కించి, అవి అయిపోవస్తుండగా తెర కుడివైపు పై మూలన ఒక చుక్క మెరవగానే రెండో యంత్రాన్ని అందుకోవాలి. ఆ చుక్కను మామ చెప్పేదాకా నేను చూడలేదు, చెప్పాక చూడకుండా ఉండలేకపోయాను. దీపం అంటే బల్బు కాదు, రాగి పూత పూసిన రెండు కార్బన్ కడ్డీల కొసల మధ్య మండే మంట. కడ్డీలు కాలి అరిగిపోతున్నకొద్దీ వాటిని మర తిప్పుతూ దగ్గరకు జరుపుతూ ఉండాలి. కాస్త ఏమరితే తెర పచ్చబడి, ఆపైన మసకబడి, నేల తరగతి నుంచి ఈలలు మొదలయ్యేవి.

కేబిన్ గోడకు రెండు రకాల కంతలు ఉండేవి. ఒక కంతలో నుంచి వెలుగు తెర మీదికి పోయేది, రెండో కంతలో నుంచి మామ చూసేవాడు. ఆయన ఏ సినిమానూ కుదురుగా కూర్చుని చూసిన వాడు కాదు, ఆడిన ప్రతి సినిమానూ ముక్కలు ముక్కలుగా యాభై సార్లు చూసినవాడు. తెర కంటె తెర ముందు ఉన్న తలలను ఎక్కువగా చూసినవాడు. ఏ సినిమా ఎన్ని వారాలు ఆడుతుందో రెండో రోజు మొదటి ఆట ముగిసేసరికి చెప్పేవాడు. జనం ఎప్పుడు నవ్వారు అన్నది ఆయనకు లెక్క కాదు, ఎప్పుడు కదిలారు, ఎప్పుడు బీడీల కోసం బయటికి నడిచారు అన్నదే లెక్క.

కట్టలో మొదటి పుస్తకం 'అత్తకు యముడు అమ్మాయికి మొగుడు'. జనవరి 14న విడుదలైంది, పండగ సినిమా. సంక్రాంతికి ఉలవపాడు నుంచి మా అవ్వ వచ్చి ఉంది. ఉలవపాడు అప్పట్లో ప్రకాశం జిల్లాలో ఉండేది, అక్కడ మామిడి తోటల మధ్య ఉన్న ఇంటి నుంచి అవ్వ కావలికి రావడమే అరుదు, సినిమాకు రావడం మరీ అరుదు. అటువంటిది ఆ సినిమాకు తానే ముందు బయలుదేరింది. చిరంజీవి కోసం కాదు, విజయశాంతి కోసం కాదు, వాణిశ్రీ కోసం. వాణిశ్రీ నెల్లూరు ఆడబిడ్డ. కొంతకాలం తెరకు దూరమై మళ్ళీ ఆ సినిమాలో అత్తగా వచ్చింది. "మన నెల్లూరు పిల్ల మళ్ళా వచ్చుండాది, చూడకుండా ఎట్టా ఉండేది?" అని అవ్వ దారి పొడుగునా చెబుతూనే ఉంది. దర్శకుడు కోదండరామిరెడ్డి కూడా మా జిల్లా మైపాడు వాడే అని మామ చెప్పగానే అవ్వ ఆనందం రెట్టింపయింది.

ఆ సినిమాలో నాకు ఇప్పటికీ నిలిచి ఉన్నది అత్తా అల్లుళ్ళు ఎదురెదురుగా నిలబడే ఘట్టాలు. ఒకరిని గెలిపించడం కోసం ఇంకొకరిని చిన్నబుచ్చే రచన కాదు. వాణిశ్రీ ఒక కనుబొమ ఎత్తి నిలబడితే చిరంజీవి అంతటి వాడికి కూడా ఒళ్ళంతా వాడి నటించవలసి వచ్చింది. బాల్కనీలో ఆడవాళ్ళు నాయకుడి మాటకు చప్పట్లు కొట్టి, మరుక్షణం అత్త మాటకు కూడా కొట్టడం నేను అంతకు ముందు చూడలేదు.

'ప్రేమ' ఆ సంక్రాంతికే వచ్చినా మాకు చేరింది ఆలస్యంగా. రామానాయుడుగారి సొంత ఊరు అప్పటి ప్రకాశం జిల్లాలోని కారంచేడు కాబట్టి సురేష్ సంస్థ సినిమా అంటే మా వైపు ఒక ఇంటి మమకారం ఉండేది. వెంకటేష్, రేవతి ఇద్దరూ బాగా చేశారు, ఇళయరాజా పాటలు అంతకంటె బాగున్నాయి. రేవతి మాట్లాడుతుంటే సినిమాలో మనిషి మాట్లాడుతున్నట్టు కాక పక్కింటి మనిషి మాట్లాడుతున్నట్టు ఉండేది. ఆ సినిమా చూసి వచ్చిన రాత్రి మా అమ్మ అన్నం తినలేదు. మార్చిలో 'స్టేట్ రౌడీ' వచ్చింది. నిర్మాత సుబ్బరామిరెడ్డిగారిది నెల్లూరు, దర్శకుడు బి. గోపాల్‌ది ప్రకాశం జిల్లా, బప్పీలహరి సంగీతానికి నేల తరగతిలో దుమ్ము లేచింది. ఆ రోజులకు అది సరిపోయింది, నాకు మాత్రం ఒకసారి చూడటంతో తీరిపోయింది.

ఏప్రిల్ 7న విడుదలైన 'ముద్దుల మావయ్య'ను అలా దాటవేయలేను. అన్నాచెల్లెళ్ళ కథ. బాలకృష్ణ ఇంటింటికీ అన్న అయిన సినిమా అది. టికెట్ల కిటికీ దగ్గర మగవాళ్ళ వరుస కంటె ఆడవాళ్ళ వరుస పొడుగ్గా ఉండటం, మ్యాట్నీకి ఇంటి పనులు త్వరగా ముగించుకొని పసిపిల్లలను చంకన వేసుకొని తుమ్మలపెంట వైపు నుంచి కూడా ఆడవాళ్ళు బస్సుల్లో రావడం నేను కళ్ళారా చూశాను. పెళ్ళయి అత్తవారింట కష్టపడుతున్న ఒక ఆవిడ నా పక్క కుర్చీలో కూర్చుని, చెల్లెలి మీద చెయ్యి పడిన ప్రతిసారీ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆమె ఎవరో నాకు తెలియదు, ఆట వదిలాక ముఖం కడుక్కొని వెళ్ళిపోయింది. ఆ సినిమా అరవంలో వచ్చిన ఒక సినిమాకు తెలుగు రూపం, కథ లెక్కగా అల్లినది, కన్నీళ్ళు కూడా లెక్కగా పెట్టినవే. అయినా ఆ చెయ్యి గుర్తున్నంత కాలం ఆ సినిమాను తక్కువ చేసి మాట్లాడటానికి నాకు మనసు ఒప్పదు.

ఇక 'గీతాంజలి'. మే నెలలో విడుదలైంది, మా మామ హాలుకు పెట్టె వచ్చేసరికి తోటల్లో బంగినపల్లి కోతలు అయిపోయాయి. పాటలు మాకు అప్పటికే నోటికి వచ్చు. వేటూరి మాటలు, ఇళయరాజా స్వరాలు, అన్నిటినీ మించి బాలు గొంతు. నెల్లూరు వాళ్ళకు బాలసుబ్రహ్మణ్యం గాయకుడు మాత్రమే కాదు, సాంబమూర్తిగారి అబ్బాయి. హరికథలు చెప్పుకొని బతికిన తండ్రికి పుట్టి దేశమంతా పాడినవాడు. మా పిన్నమ్మ మూలాపేటలో ఉండేది, ఆమె ఇంటి అరుగు మీద బాలు గురించి మాట్లాడుకోని సాయంత్రం నాకు గుర్తు లేదు.

మొదటి ఆటకే గొడవ మొదలైంది. తెర మీద ఊటీ పొగమంచు, సన్నని వెలుగు, ముఖంలో సగం చీకటి. "బొమ్మ కనపడలా! ఆపరేటరూ, కడ్డీలు మార్చు!" అని నేల నుంచి అరుపులు. మామ కడ్డీలు మార్చాడు, మధ్య దూరం సరిచేశాడు, కరెంటు పెంచాడు, వేసవి కావడంతో తోటల్లో మోటార్లు నడిచి లైను మీద ఓల్టేజి పడిపోయిందేమో అని మీటరు చూశాడు. అయినా బొమ్మ అలాగే ఉంది. హాలు యజమాని కేబిన్‌లోకి వచ్చి కేకలు వేసి వెళ్ళాడు. రెండో రోజు మామ నన్ను కేబిన్‌లోకి పిలిచాడు. రీలు చివర రెండు మూరల ఫిల్మును దీపానికి ఎదురుగా పట్టి, "చూడమ్మాయ్, ఇది ప్రింటు తప్పు కాదు, మన దీపం తప్పూ కాదు. వీళ్ళు చీకటినే తీసుండారు" అన్నాడు. ఛాయాగ్రాహకుడు పి.సి. శ్రీరామ్. అంతవరకు మేము చూసిన సినిమాల్లో అర్ధరాత్రి కూడా పట్టపగలులా వెలిగేది, దుఃఖంలో ఉన్న మనిషి ముఖం మీద కూడా నాలుగు వైపుల నుంచి వెలుగు పడేది. చావుకు దగ్గర్లో ఉన్న ఇద్దరు పిల్లల కథ చెబుతున్నప్పుడు వెలుగు కూడా చిక్కిపోవాలని ఎవరో అనుకున్నారన్నది నాకు ఆ కేబిన్‌లో, చేతి మధ్య ఆ ఫిల్ము ముక్కలో తెలిసింది.

ఆ సినిమాను నేను ఐదు సార్లు చూశాను, రెండు సార్లు కంతలో నుంచి. నాయిక గిరిజ అంతకు ముందు ఎవరికీ తెలియని అమ్మాయి, ఆమె అల్లరి మొదట కొంత విసుగు పుట్టించినా, ఆ అల్లరి ఎందుకో తెలిశాక మళ్ళీ మొదటి నుంచి చూడాలనిపించేది. నాగార్జున ముఖం అంత నిశ్చలంగా ఉండటం అదే మొదటిసారి. మణిరత్నం నేరుగా తెలుగులో తీసిన సినిమా అదొక్కటే అని తరువాత తెలిసింది. మొదటి వారం తిట్టిన నేల తరగతి జనమే మూడో వారానికి పాటల దగ్గర మాట్లాడకుండా కూర్చోవడం మామ నాకు కంతలో నుంచి చూపించాడు. జాతీయ పురస్కారం వచ్చిందని మరుసటి సంవత్సరం పేపరులో చదివినప్పుడు మామ ఆ పేపరు ముక్కను కేబిన్ తలుపు లోపలివైపు అంటించాడు.

జూలైలో నేను జవహర్ భారతి కళాశాలలో డిగ్రీలో చేరాను. వానాకాలపు సినిమాల్లో ఎక్కువగా చెప్పుకోవలసినవి లేవు. 'రుద్రనేత్ర' మీద పెట్టుకున్న ఆశ మొదటి అరగంటలోనే చల్లారింది. జంధ్యాల 'జయమ్ము నిశ్చయమ్మురా' మా ఇంటిల్లిపాదినీ నవ్వించింది. 'విచిత్ర సోదరులు' చూసి కమల్‌హాసన్ అంత పొట్టిగా ఎలా అయ్యాడని కళాశాలలో నెల రోజులు వాదించుకున్నాం. గూడూరు, సూళ్ళూరుపేట నుంచి వచ్చి హాస్టల్లో ఉండే అమ్మాయిలు దాన్ని మద్రాసులో అరవంలోనే చూసేసి వచ్చి, మాకు చెప్పకుండా ఊరించేవారు. విశ్వనాథ్ 'సూత్రధారులు' రెండు వారాలు కూడా నిలవలేదు. అక్కినేని నటన, మహదేవన్ సంగీతం ఉండి కూడా మధ్యాహ్నం ఆటకు నలభై మంది. ఆ ఖాళీ కుర్చీల మధ్య కూర్చుని చూసిన నాకు, ఊళ్ళో బిచ్చం అనుకొని గింజలు వేసి పంపించే గంగిరెద్దుల వాళ్ళ, హరిదాసుల వెనుక ఎంత విద్య ఉందో అంతకు ముందు తెలియదు. ఆదివారం ఉదయం దూరదర్శన్‌లో 'మహాభారత్' వచ్చే కాలం అది. ఆ గంటలో వీధుల్లో మనిషి కనపడేవాడు కాదు, మార్నింగ్ షో నడిపే హాళ్ళ వాళ్ళు తలపట్టుకొనేవారు.

అక్టోబరు 5న 'శివ' విడుదలైంది. దసరా సెలవులకు నెల్లూరులో పిన్నమ్మ ఇంట్లో ఉన్నాను. పిన్నమ్మ కొడుకు, నాకు అన్న వరస, మొదటి వారంలోనే రెండు సార్లు చూసి వచ్చి ఏమీ చెప్పలేక, "నువ్వు రా, చూడు" అని మాత్రమే అన్నాడు. దర్శకుడి పేరు అంతకు ముందు ఎవరూ వినలేదు. రామ్‌గోపాల్ వర్మ వయసు అప్పటికి 27 ఏళ్ళు, అది మొదటి సినిమా.

ఆ రోజు నేను మొదట గమనించినది నిశ్శబ్దం. మాటలు తక్కువ. ఉన్న మాటలు కళాశాలలో మా చుట్టూ వినపడే మాటలు. తనికెళ్ళ భరణి రాసిన ఆ సంభాషణల్లో ఎక్కడా ప్రాస కోసం పాకులాట లేదు. రఘువరన్ భవానీగా వచ్చి గొంతు పెంచకుండా మాట్లాడాడు. అంతకు ముందు మా ప్రతినాయకులు నవ్వేవారు, అరిచేవారు, చేతిలో ఏదో ఒకటి తిప్పేవారు. ఆయన ఊరికే నిలబడ్డాడు, ఆ నిలబడటానికే భయం వేసింది. సైకిలు చైను తెగిన చప్పుడు గురించి అందరూ చెబుతారు, చెప్పవలసిందే. నాకు దాని కంటె చిన్నపాపను సైకిలు ముందు కూర్చోబెట్టుకొని శివ తప్పించుకొనే ఘట్టం ఎక్కువ గుర్తు. గోపాలరెడ్డి కెమెరా వాళ్ళ వెంట పరుగెత్తింది. పరుగెత్తినా కెమెరా కుదపకుండా పట్టే స్టెడీక్యామ్ అన్న పరికరం వాడారని పత్రికలో తరువాత చదివాను, ఆ రోజు మాత్రం నేనే ఆ సందులో పరుగెత్తుతున్నట్టు కాళ్ళు బిగపట్టుకొని కూర్చున్నాను. ఆట వదిలాక గాంధీబొమ్మ దాకా నడిచి వస్తూ అన్నా నేనూ ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు.

హాలు బయట పాటల పుస్తకం అమ్మే మనిషి ఉన్నాడు. నేను కొనలేదు. కట్టలో ఉండేవన్నీ కావలిలో కొన్నవే కావాలన్నది నా నియమం. మామ హాలుకు పెట్టె ఎప్పుడు వస్తుందో అప్పుడు అక్కడే కొంటాను అనుకున్నాను. ఇంటికి వచ్చి ఆ సినిమా గురించి మామకు చెబితే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "నేల ఎట్టా ఉండాది?" అన్నదే. అరవడం లేదు మామా, చూస్తున్నారు అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "అయితే అది నిలబడతది" అన్నాడు. దీపావళి ముందు 'లంకేశ్వరుడు' వచ్చింది, దాసరి నూరో సినిమా అని గోడల నిండా పోస్టర్లు. 'శివ' చూసి వచ్చిన కళ్ళకు అది పదేళ్ళ కిందటి సినిమాలా కనిపించింది. అన్యాయమైన పోలికే కావచ్చు, కాని ఆ నెలలో చూసిన ప్రేక్షకులు చాలామంది ఆ పోలికే చేశారు.

నవంబరు 8, బుధవారం. థాయిలాండ్ సింధుశాఖలో పుట్టి, ఆ దేశాన్ని దాటి బంగాళాఖాతంలోకి వచ్చి మళ్ళీ బలం పుంజుకున్న తుపాను ఆ రాత్రి కావలి దగ్గర తీరం దాటింది. ప్రపంచం దాన్ని 'గే' అని పిలిచింది, మన వైపు కావలి తుపాను అన్న పేరుతోనే మిగిలిపోయింది. పొద్దున నుంచే రేడియోలో హెచ్చరికలు. మొదటి ఆటకు ఇరవై మంది కూడా లేకపోవడంతో ఆటలు రద్దు చేశారు. అందరూ ఇళ్ళకు పోయినా మామ పోలేదు. అప్పుడు నడుస్తున్న సినిమా రీళ్ళ డబ్బాలను పెట్టెలో సర్ది, పెట్టెను బల్ల ఎక్కించి, పైన టార్పాలిన్ కప్పి, కంతలకు గోనెలు కుక్కి కేబిన్‌లోనే ఉండిపోయాడు. ప్రింటు పోతే పంపిణీదారుకు జవాబు చెప్పవలసింది తానే అన్నది ఆయన భయం.

ఆ రాత్రి గాలి చప్పుడును మాటల్లో పెట్టడం నాకు ఇన్నేళ్ళుగా చేతకాలేదు. మా ఇంటి వంటగది పెంకులు లేచిపోయాయి, నీళ్ళు అలమరలోకి దిగాయి, అలమర అడుగు అరలో నా పాటల పుస్తకాల కట్ట ఉంది. తెల్లవారి చూస్తే తాటిచెట్లకు తలలు లేవు, కరెంటు స్తంభాలు రోడ్డుకు అడ్డంగా పడి ఉన్నాయి. ఉలవపాడులో అవ్వ క్షేమమని కబురు రావడానికి మూడు రోజులు పట్టింది, తోటలో నాలుగో వంతు చెట్లు కూడా నిలవలేదన్న కబురు దాంతోపాటే వచ్చింది. మామ మధ్యాహ్నానికి ఇంటికి వచ్చాడు. హాలుకు ముందువైపు రేకులన్నీ ఎగిరిపోయాయి, తెర చిరిగి పీలికలయింది, పెట్టె మాత్రం తడవలేదు. "పెట్టె బాగుండాది అక్కా" అని అమ్మకు చెప్పి, తడి బట్టలతోనే వరండాలో పడుకొని సాయంత్రం దాకా లేవలేదు.

కరెంటు లేని ఆ రోజుల్లోనే ఎన్నికలు కూడా వచ్చాయి. రామారావుగారు ఓడిపోయారు, డిసెంబరు 3న చెన్నారెడ్డిగారు ముఖ్యమంత్రి అయ్యారు. మాయాబజారు కృష్ణుడు ఓడిపోవడం ఏమిటని అవ్వ చాలా రోజులు నమ్మలేదు. ఆ ఏడాది చివరన నెల్లూరులో 'అంకుశం' చూశాను. నెల్లూరు జిల్లా వాడైన మల్లెమాల సుందర రామిరెడ్డిగారి సంస్థ సినిమా, దర్శకుడు కోడి రామకృష్ణ. రాజశేఖర్ ఆవేశం, రామిరెడ్డి అన్న కొత్త మనిషి క్రూరత్వం చూస్తుంటే, కళ్ళ ముందు ప్రభుత్వాలు మారుతున్న ఆ వారాల్లో అది తెర మీది కథగా అనిపించలేదు. కావలిలో కొనలేదు కాబట్టి దాని పుస్తకం కట్టలో లేదు. నవంబరు 24న విడుదలైన 'ఇంద్రుడు చంద్రుడు' మాకు జనవరికి గాని చేరలేదు. కమల్‌హాసన్ మేయరు వేషానికి తగ్గట్టు బాలు గొంతు మార్చి పాడిన పాట విని మా పిన్నమ్మ ఇది బాలు పాడింది కాదని పందెం కాసింది. అదే బాలు ఆ డిసెంబరు 29న విడుదలైన ఒక హిందీ సినిమాలో సల్మాన్‌ఖాన్‌కు పాడి ఉత్తరాదిని కూడా గెలిచాడు, ఆ సంగతి మాకు 1990లో తెలిసింది.

డిసెంబరు మూడో వారంలో మామ హాలు మళ్ళీ తెరిచారు. కొత్త తెర కట్టారు గాని రేకులకు డబ్బు చాలలేదు. బెంచీల వరకు టార్పాలిన్లు కప్పారు, నేల మీద ఏమీ లేదు. పగలు ఆట వేయడానికి వీలు లేదు కాబట్టి పొద్దు గుంకాకే బొమ్మ. మొదటి పెట్టె 'శివ'.

ఆ రాత్రి నేను బాల్కనీకి వెళ్ళలేదు, కేబిన్‌లోకి వెళ్ళాను. మామ నన్ను తన కంత దగ్గర నిలబెట్టి, తాను కడ్డీలు చూసుకుంటూ ఉండిపోయాడు. కంతలో నుంచి కింద తలలు, తలల పైన నక్షత్రాలు, వాటి మధ్య తెర. సముద్రం వైపు నుంచి వచ్చే చలిగాలికి కొత్త తెర కొద్దిగా కదులుతుంటే రఘువరన్ ముఖం కూడా కదిలింది. నేల మీద దుప్పట్లు కప్పుకొని కూర్చున్న వారిలో సగం మంది ఇళ్ళకు ఇంకా కప్పు లేదు. సైకిలు చైను దగ్గర ఒక్కసారి అరిచారు, ఆ తరువాత మళ్ళీ నెమ్మదించారు. ఆరో రీలు చివర చుక్క మెరిసినప్పుడు మామ, "ఇప్పుడు నువ్వు లాగమ్మాయ్" అన్నాడు. రెండో యంత్రం మీట నేను లాగాను. బొమ్మ తెగలేదు. కింద ఎవరికీ తెలియలేదు.

పుస్తకాలమ్మే అతను బయట గ్యాసులైటు పెట్టుకొని కూర్చున్నాడు. 'శివ' పుస్తకం కొని, ఇంటికి వచ్చి, తడిసి ఎండిన కట్టకు చివర కుట్టాను. ముందు ఉన్న పుస్తకాలన్నీ తుపాను నీళ్ళకు ఒకదానికొకటి అతుక్కొని ఒకే అట్టలా అయిపోయాయి. అంచుల మీద రంగులు చూసి ఏది 'గీతాంజలి'యో, ఏది 'ముద్దుల మావయ్య'యో గుర్తుపట్టగలను గాని తెరవలేను. తెరుచుకొనేది చివరి పుస్తకం ఒక్కటే. దాని వెనుక అట్ట మీద మామ పెన్సిలుతో వేసుకున్న రీళ్ళ లెక్క ఉంది. ఆరుకూ ఏడుకూ మధ్య చిన్న అడ్డగీత గీసి, పక్కన నా పేరు రాశాడు.